చూసినవారే సంతకం చేయాలి

"'ముందు ఇరుసు మీది చక్రాన్ని నేలకు అందకుండా పైకి లేపి, పైనా కిందా రెండు చేతులతో పట్టుకుని ఊపి చూడవలెను.' ఆఁ, ఊపాక? ఊపాక ఏం చెయ్యాలో చెప్పవే," అంది అత్తగారు, ముక్కు చివరికి జారిన కళ్ళజోడు పైకి తోసుకుంటూ.

పిట్టమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది. చెంపల మీద నీళ్ళు ధార కడుతున్నాయి. మోచేత్తో తుడుచుకుని, "చక్రం కదిలితే వదులు ఎక్కడుందో తేల్చాలి అత్తయ్యా. బ్రేకు తొక్కిపట్టి మళ్ళీ ఊపాలి. కదలడం ఆగిపోతే తప్పు బేరింగుది. ఇంకా కదులుతుంటే చక్రాన్ని మలుపు తిప్పే కింగ్‌పిన్నుది," అంది.

"బ్రేకు ఎవరు తొక్కుతారు? నీకు మూడో కాలుందా?"

"రెండో మనిషి పైన కూర్చుని తొక్కుతాడు."

"అదీ! ఆ ముక్క చెప్పకపోతే అర మార్కు పోయేది." అత్తగారు పెన్సిలుతో ఆ వాక్యం పక్కన టిక్కు పెట్టింది.

ముందు గదిలోంచి మాస్టారి గొంతు వినిపించింది. "అమ్మా, టీ అడిగి అరగంటయింది!"

"ఉండరా, స్టీరింగు మధ్యలో ఉన్నాం," అని అత్తగారు తల తిప్పకుండానే జవాబిచ్చి పేజీ తిప్పింది.

కొన్ని నెలల కిందట ఎవరైనా వచ్చి, మీ వంటింట్లో ఇలాంటి మాటలు వినిపిస్తాయి అని చెబితే పిట్టమ్మ నవ్వి ఊరుకునేది. ఆ ఇంట్లో లారీ అనే మాటే పనికిరాదు. మామగారు లారీ డ్రైవరు. కొడుక్కి ఆరేళ్ళప్పుడు కొండ దిగుతుండగా లారీ లోయలో పడి చనిపోయాడు. డ్రైవరు కునుకు తీశాడని రిపోర్టులో రాశారు. ఆ తర్వాత ముప్ఫై ఎనిమిదేళ్ళపాటు అతని ఫొటో గోడ మీద ఉంది గానీ అతని మాట ఎవరి నోటా లేదు. కొడుకు చదువుకుని సైన్సు మాస్టారయ్యాడు. పెళ్ళయ్యాక భార్య ఆటోమొబైల్ డిప్లొమాతో తనిఖీ కేంద్రంలో ఉద్యోగం తెచ్చుకుంటే కాదనలేదు. కానీ ఎవరైనా అడిగితే, "ప్రభుత్వాఫీసులో చేస్తుంది," అని మాట తుంచేసేవాడు. ఒక పెళ్ళిలో అందరూ ఫొటోకి నిలబడినప్పుడు ఆమె చెవిలో, "చేతులు కాస్త వెనక్కి పెట్టుకో," అన్నాడు. ఆ గోళ్ళ అంచున మసి ఏ సబ్బుకూ లొంగదు మరి. అత్తగారైతే మొదటి రోజే తేల్చి చెప్పేసింది. "ఆ డీజిలు వాసన నా గడప దాటకూడదు." పదకొండేళ్ళుగా పిట్టమ్మ పెరట్లో కుళాయి దగ్గర కాళ్ళూ చేతులూ మెడా కడుక్కుని, బట్టలు మార్చుకునే లోపలికి వస్తోంది. కోపం కాదు, ఆ వాసనకి ఆవిడ గుండె ఎక్కడో తెగుతుందని ఆమెకు కొన్నాళ్ళకే అర్థమైంది. అర్థమయ్యాక కుళాయి నీళ్ళు చలికాలంలో కూడా అంత చల్లగా అనిపించలేదు.

పిట్టమ్మ అనేది అసలు పేరు కాదు. పెద్ద బండ్లను తనిఖీ చేసేచోట, కింద నిలబడి చూడటానికి పొడవాటి గుంత ఒకటి తవ్వి ఉంటుంది. దాన్ని అక్కడందరూ పిట్టు అంటారు. ఏడు మెట్లు దిగి అందులో నిలబడితే పది టన్నుల లారీ నెత్తి మీద ఇంటికప్పులా ఉంటుంది. రోజుకు పన్నెండు పదమూడు బండ్ల కింద తలపెట్టి చూసేది ఆమె ఒక్కతే కాబట్టి, పిట్టులో ఉండే అమ్మ డ్రైవర్ల నోట్లో పిట్టమ్మ అయింది. మనిషి కూడా పిట్టంతే కావడంతో పేరు అతికినట్టు సరిపోయింది.

ఆ గుంతంటే ఆమెకు ప్రాణం. పొద్దున్నే అందులో చల్లగా, తడిసిన సిమెంటు వాసనతో ఉంటుంది. చేతిలో దీపం, ఇంకో చేతిలో చిన్న సుత్తి. నట్టు మీద కొడితే చాలు, బిగువుగా ఉన్నది గంటలా పలుకుతుంది, వదులైనది ముసలాడిలా దగ్గుతుంది. గాలి గొట్టంలో కంటికి కనపడని చిల్లి ఉంటే సబ్బునీళ్ళు పూసినచోట బుడగలు లేచి దాని గుట్టు చెబుతాయి. లారీ పైకి ఎంత రంగులు పూసుకుని వచ్చినా కింద అబద్ధం ఆడలేదు. ఇంట్లో పొద్దున ఐదింటికి లేచిన దగ్గర్నుంచి, నా సాక్సులేవి, ఉప్పు తక్కువైంది, గ్యాసు చెప్పావా, అమ్మ మందులు అయిపోయాయి అని నాలుగు వైపుల నుంచీ పిలుపులు. ఆ ఏడు మెట్ల కింద మాత్రం ఆమెను ఎవరూ మంచినీళ్ళు అడగరు. తన చెవులు తనకోసం మాత్రమే పనిచేసేచోటు ప్రపంచంలో అదొక్కటే అనిపించేది. అందుకే ఆడవాళ్ళ మరుగుదొడ్డి తాళంచెవి వాచ్‌మన్ జేబులో ఉన్నా, ఇచ్చిన యూనిఫాం ఎవరో ఆజానుబాహుడి కొలతకి కుట్టిందైనా, కాళ్ళ దగ్గర నాలుగు మడతలు పెట్టుకుని సంతోషంగా మెట్లు దిగేది. కొత్త డ్రైవరు ఎవరైనా గుంతలోకి తొంగిచూసి, "సారు లేరా అమ్మా?" అని అడిగితే, "ఉన్నారు, పైన టీ తాగుతున్నారు," అని చెప్పేది.

సారంటే పెద్దసారు. ఆ కేంద్రానికి పరీక్షాధికారి. ఆమె కాగితాల్లో అతని సహాయకురాలు. చెడ్డమనిషి కాదు. మోకాళ్ళు అరిగి మెట్లు దిగలేడు, అంతే. ఆమె పైకి వచ్చి, ఈ బండికి కమాను కట్టలో స్ప్రింగు రేకు ఒకటి విరిగింది సార్, ఆ బండి బాగానే ఉంది సార్ అని చెబుతుంది. అతను కాగితం మీద సంతకం పెడతాడు. "మా పిట్టమ్మ చూసిందంటే నేను చూసినట్టే," అని అందరి ముందూ అనేవాడు. ఆ మాటకి అందరూ నవ్వేవారు, ఆమె కూడా నవ్వేది. చాలాకాలం దాన్ని మెచ్చుకోలే అనుకుంది. మసి ఒకరికీ సంతకం ఒకరికీ అని ఎప్పుడైనా తోచినా, పోనీలే, బండి బాగుంటే చాలుగా అని సర్దిచెప్పుకునేది. సర్దిచెప్పుకోవడంలో ఆమెకు మంచి అలవాటుంది. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తనకి ఇష్టమైన కూరే అని చెప్పుకోవడం దగ్గర్నుంచి మొదలైన అలవాటది.

అలాంటి రోజుల్లో దేశమంతటికీ ఒకటే అంటూ కొత్త తనిఖీ ప్రమాణాల పుస్తకం వచ్చింది. రెండు వందల పద్నాలుగు పేజీలు. ఇక మీదట ఏ ఊళ్ళో అయినా, ఏ కేంద్రంలో అయినా లారీనీ బస్సునీ ఒకే వరుసలో, ఒకే కొలతలతో చూడాలి. ఏది చిన్న లోపం, ఏది పెద్ద లోపం, ఏ లోపం ఉంటే బండిని అక్కడికక్కడే ఆపెయ్యాలి అన్నీ అందులో ఉన్నాయి. పెద్దసారు దాన్ని చేత్తో తూకం వేసి, "దేశమంతటికీ ఒకే కొలతయితే ఇంక నా ముప్ఫై ఏళ్ళ అనుభవం ఎక్కడ పెట్టుకోవాలమ్మా?" అని నిట్టూర్చి ఆమె చేతిలో పెట్టాడు. భోజనాల వేళ ఆమె మెట్ల మీద కూర్చుని తిరగేసింది. నాలుగో అధ్యాయంలో ఒక వాక్యం దగ్గర చెయ్యి ఆగిపోయింది.

'తనిఖీని స్వయంగా చేసిన వ్యక్తియే నివేదికపై సంతకం చేయవలెను. ఒకరు చూసి వేరొకరు సంతకం చేయుట నిషిద్ధము.'

మూడుసార్లు చదివింది. ఎవరో తన పక్కన ఇన్నేళ్ళూ నిలబడి చూసి, ఏమీ అనకుండా వెళ్ళి, దూరాన కూర్చుని ఈ రెండు ముక్కలు రాసినట్టు అనిపించింది. ఎవరు రాశారో తెలియదు. మగో ఆడో తెలియదు. వాళ్ళకి ఒక పూట భోజనం పెట్టాలనిపించింది.

సంతకం చెయ్యాలంటే పరీక్ష పాసవ్వాలి. రాత పరీక్ష ఒకటి, పిట్టులో దిగి చూపించేది ఒకటి. మూడు నెలల గడువు. ఆమె రాస్తానంటే పెద్దసారు ఆశ్చర్యపోయాడు. "నీకెందుకమ్మా ఈ తద్దినం? ఇల్లు, ఉద్యోగం, మళ్ళీ చదువా? ఎప్పటిలాగే సర్దుకుందాం. నువ్వు చూడు. నేను రాసి పాసయి, పైనుంచి ఒకసారి తొంగిచూసి సంతకం పెడతాను. తొంగిచూసినా చూసినట్టేగా!"

మాస్టారు ఆమె చెప్పింది విని, పేపరు మడిచి పక్కన పెట్టాడు. "సంతకం అంటే బాధ్యత. రేపు ఏ బండో బోల్తాపడితే పేపర్లో నీ పేరు వస్తుంది. ఇప్పుడు హాయిగా ఉన్నావు. ఉన్న హాయి పోగొట్టుకోవడం దేనికి?" అన్నాడు. నిజానికి ఆమె హాయిగానే ఉంది. అందుకే ఆ మాటకి జవాబు వెంటనే దొరకలేదు. హాయిగా ఉన్న మనిషి ఇంకేం కోరకూడదా అన్న ప్రశ్న రెండు రోజుల తర్వాత, గిన్నెలు తోముతుంటే తట్టింది. అప్పటికి మాస్టారు బడికి వెళ్ళిపోయాడు. ఆమె పరీక్షకి దరఖాస్తు పెట్టేసింది.

చదవడానికి మాత్రం తీరికేది? పేజీలు చింపి పొయ్యి వెనక గోడకి అంటించింది. తాలింపు వేసినప్పుడల్లా నూనె చింది పెద్ద లోపాలు చిన్న లోపాల్లో కలిసిపోతున్నాయి. వారం చూసి అత్తగారు ఉండబట్టలేకపోయింది.

"ఏమిటే గోడకి ఆ అతుకులు? ఊడదీసి పుస్తకంలో పెట్టి ఇటు తే. నాకెలాగూ పనిలేదు, వారపత్రికలో సీరియల్ కూడా అయిపోయింది. నేను చదువుతా, నువ్వు విను."

"మీకు ఇబ్బంది కదా అత్తయ్యా. అన్నీ బండ్ల మాటలే."

ఆవిడ పుస్తకం కోసం చెయ్యి చాపింది. "అక్షరాలకి వాసనుండదులే," అంది.

మొదట్లో 'అవకలన యంత్రము' లాంటి మాటల దగ్గర నోరు తిరక్క, "ఇది రాసినవాడి నాలుక పడిపోను," అని తిట్టేది. పదిహేను రోజులు తిరిగేసరికి ప్రశ్నలు వెయ్యడం మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి, తప్పు చెబితే గరిటెతో పళ్ళెం మీద టంగుమని కొట్టే స్థాయికి వచ్చింది. ఇంటి ముందుకి కూరగాయల బండి తోసుకొచ్చే మనిషిని ఆపి, వంగి చక్రం చూసి, "నీ ఎడమ చక్రం ఊగుతోంది నాయనా, నా లెక్కన నీది పెద్ద లోపం," అని చెప్పింది. ఆ మనిషి భయపడి ఆ రోజు కొత్తిమీర ఊరికే ఇచ్చిపోయాడు. అత్తాకోడళ్ళు వంటింట్లో పడీపడీ నవ్వారు. పదహారేళ్ళ కాపురంలో ఆవిడతో అలా నవ్వినట్టు పిట్టమ్మకి గుర్తులేదు. మంచి మార్కులకోసం హాస్టల్లో ఉన్న కూతురు ఫోను చేస్తే, "మీ నానమ్మ నన్ను ఫెయిల్ చేసేలా ఉందే," అని చెప్పింది.

ఒకరోజు సాయంత్రం బ్రేకుల అధ్యాయం దగ్గరికి వచ్చారు. పిట్టమ్మ పిండి కలుపుతోంది. అత్తగారు ధారాళంగా చదువుతోంది. "'ఒకే ఇరుసుపై ఉన్న కుడి, ఎడమ చక్రాల బ్రేకు బలముల మధ్య వ్యత్యాసము ముప్ఫై శాతము మించరాదు. మించినచో బ్రేకు వేసినప్పుడు వాహనము బలము ఎక్కువగా ఉన్న చక్రము వైపునకు లాగును. ముందు ఇరుసుపై ఇట్టి లోపమున్న వాహనమును...'"

గొంతు ఆగింది. పిట్టమ్మ తలెత్తి చూసింది. ఆవిడ వేలు వాక్యం మీద ఉంది. మళ్ళీ మొదటి నుంచి, ఈసారి పెదాలు మాత్రం కదుపుతూ చదువుకుంది.

"అమ్మాయ్. లాగడమంటే? బండి తనంతట తనే పోతుందా?"

"అవునత్తయ్యా. ఎడమ చక్రం గట్టిగా పట్టి కుడిది పట్టకపోతే, ఎంత స్టీరింగు తిప్పినా ఎడమకే ఈడ్చుకుపోతుంది. దిగుడులో అయితే మరీనూ."

"అప్పుడు రోడ్డు మీద గీత పడుతుందా?"

"టైరు పట్టేసి జారితే నల్లగా పడుతుంది. పట్టిన చక్రం వైపే పడుతుంది."

"ఒకటే గీత?"

"ఒకటే గీత."

అత్తగారు పుస్తకం ఒళ్ళో బోర్లించింది. కళ్ళజోడు తీసింది. గోడకి చెబుతున్నట్టుగా మాట్లాడింది.

"ఇరవై రోజులు చెప్పాడే ఆయన. బ్రేకు వేస్తే ఎడమకి లాగేస్తోంది, ఆసామికి చెబితే తర్వాత చూద్దాం అంటున్నాడు అని. ఈలోగా తనిఖీ వచ్చింది. అక్కడ పాసవ్వదు, అప్పుడు తప్పకుండా బాగుచేయిస్తాడు అనుకున్నాడు. ఆ రోజు నేను పిల్లాణ్ణి వెంటబెట్టుకుని అన్నం తీసుకెళ్ళాను. ఆ అధికారి కుర్చీలోంచి లేవలేదు. హారన్ కొట్టమన్నాడు, లైటు వెయ్యమన్నాడు, సంతకం పెట్టాడు. పని తొందరగా అయిపోయిందని మేమిద్దరం నీడలో కూర్చుని తీరుబడిగా అన్నం తిన్నాం. సంతోషపడ్డామే! అధికారి చూశాడుగా, ఇంక ఫరవాలేదేమో అనుకున్నాం. నాలుగో రోజున పోయాడు. నేను ఆ చోటుకి వెళ్ళాను. రోడ్డు మీద నల్లటి గీత, ఇంత పొడవున, వంకరగా ఎడమకి. ఒకటే గీత. అక్కడ కాగితాలు రాసుకుంటున్న వాళ్ళకి చూపించాను. 'నీకేం తెలుసమ్మా, పక్కకి తప్పుకో,' అన్నారు. నాకేం తెలుసు? తప్పుకున్నాను. కునుకు తీశాడన్నారు. నేనూ నమ్మాను."

పిట్టమ్మ పిండి చేతులతోనే ఆవిడ పక్కన కూర్చుంది. ఆవిడ ఓదార్పు కోసం చూడలేదు. కాసేపటికి కళ్ళజోడు పెట్టుకుని, "ఎక్కడున్నాం?" అని అడిగి, ఆ వాక్యం పూర్తిగా చదివింది. "వాడికి మాత్రం చెప్పకు. మర్చిపోయినవాణ్ణి లేపడం దేనికి?" అంది.

ఆ మర్నాడు పిట్టులో దిగాక పిట్టమ్మకి సుత్తి ఆడలేదు. ఒకటే ఆలోచన. ఇన్నేళ్ళూ తను చూసింది, ఇంకొకరు సంతకం పెట్టారు. తను చూసింది కాబట్టి సరిపోయింది. కూతురికి టైఫాయిడు వచ్చినప్పుడు పన్నెండు రోజులు సెలవు పెట్టింది. కాలు బెణికి తొమ్మిది రోజులు మంచంలో ఉంది. తిరిగి వచ్చినప్పుడు బండ్లేవీ పేరుకుపోయి లేవు. ఆవరణ ఖాళీగా ఉంది. అమ్మయ్య, పని మిగల్లేదు అని సంతోషపడింది కూడా. ఆ ఇరవై ఒక్క రోజులూ గుంతలోకి దిగిందెవరు? ఎవరూ దిగలేదు. సంతకాలు మాత్రం పడ్డాయి. నీడలో కూర్చుని అన్నం తిన్న ఆ ఇద్దరూ ఆమె కళ్ళ ముందు కదిలారు. అంతవరకు పరీక్ష తన కోసం అనుకుంది. ఇంక అలా అనుకోలేకపోయింది.

పరీక్షలో ఆమెకి నూటికి తొంభై మూడు వచ్చాయి. ఆ ఏడు మార్కులు ఎక్కడ పోయాయని అత్తగారు వారం రోజులు నిలదీసింది. పెద్దసారు పరీక్ష హాలు దాకా వచ్చి, మెట్ల పరీక్ష కూడా ఉందని తెలిసి, మోకాళ్ళు తడుముకుని వెనక్కి వెళ్ళిపోయాడు. అతన్ని కార్యాలయం పనికి మార్చారు. కోపగించుకోలేదు. "పోనీలే, పైనుంచి తొంగిచూసే పని తప్పింది, నడుం నొప్పి తగ్గుతుంది," అన్నాడు. యూనిఫాం కొత్తది వచ్చింది, ఆమె కొలతకి కుట్టినది. మరుగుదొడ్డి తాళంచెవి వాచ్‌మన్ దగ్గర్నుంచి ఆమే అడిగి తీసుకుని, తలుపు పక్కన మేకుకి తగిలించింది.

కొత్త పద్ధతి మొదలైన మూడో రోజున మాస్టారి బడి బస్సు వచ్చింది. మర్నాడు నలభై మంది పిల్లల్ని కొండ మీద ఆనకట్ట చూడటానికి తీసుకెళ్ళాలి. ఆ ప్రయాణం మాస్టారు రెండు నెలలుగా కష్టపడి కుదిర్చింది. బస్సు బ్రేకు బలం కొలిచే రోలర్ల మీదికి ఎక్కింది. పిట్టమ్మ బ్రేకు తొక్కమంది. తెర మీద రెండు అంకెలు లేచాయి. ముందు ఇరుసు, కుడికీ ఎడమకీ తేడా నలభై ఒక్క శాతం. ఇంకోసారి తొక్కించింది. నలభై ఒకటే. పిట్టులో దిగి చూసింది. కుడి చక్రం డ్రమ్ము లోపల నూనె కారి, బ్రేకు పట్టాలు తడిసి మెరుస్తున్నాయి.

పైకి వచ్చేసరికి ఫోను మోగుతోంది. మాస్టారు. డ్రైవరు అప్పటికే చెప్పేసినట్టున్నాడు.

"ఏదో తేడా అంటున్నావట. ఒక్క రోజు ప్రయాణం. వచ్చాక బాగుచేయిస్తారు. హెడ్మాస్టరు గారు నన్నే మాట్లాడమన్నారు."

"కుదరదండీ."

"నేను అడుగుతున్నానని కూడా లేదా?"

"మీరు అడిగినా బ్రేకు వినదండీ," అంది ఆమె. ఫోను పెట్టేసి, ఎర్ర చీటీ రాసింది. 'ఈ వాహనము రోడ్డు మీదకు వెళ్ళరాదు.' కింద తన పేరు రాసి, సంతకం చేసి, అద్దానికి అంటించింది.

సాయంత్రం ఆమె పెరటి కుళాయి దగ్గరుండగానే మాస్టారు ఇంటికి వచ్చాడు. చెప్పుల చప్పుడులోనే కోపం తెలుస్తోంది. ఆమె లోపలికి రాగానే అందుకున్నాడు.

"నలభై మంది పిల్లలు ఏడ్చారు. స్టాఫురూములో అందరూ, మీ ఆవిడే ఆపిందటగా అన్నారు. తలెక్కడ పెట్టుకోవాలి? ఇన్నేళ్ళూ ఆ పెద్దాయన సంతకం పెడుతుంటే ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. నీ చేతికి పెన్ను రాగానే వచ్చిందా?"

ఆమె ఏదో అనబోయేలోగా అత్తగారు వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"ఏడవనీరా. ఏడ్చే పిల్లలు సాయంత్రం ఇంటికొచ్చారుగా."

"అమ్మా, నీకు తెలియదు, నువ్వూరుకో."

"ఆ మాట విని ఒకసారి పక్కకి తప్పుకున్నాను. మళ్ళీ తప్పుకోను." ఆవిడ వచ్చి కొడుకు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. గొంతు పెంచలేదు. "మీ నాన్న నిద్రపోలేదురా. బ్రేకు వేశాడు."

ఆవిడ అంతా చెప్పింది. ఇరవై రోజుల సంగతి, కుర్చీలోంచి లేవని అధికారి, నీడలో అన్నం, రోడ్డు మీద గీత. మాస్టారు నిలబడే విన్నాడు. చిన్నప్పుడు బళ్ళో పిల్లలు తనని కునుకు డ్రైవరు కొడుకు అని పిలిచేవారని అతను పెళ్ళయిన కొత్తలో ఒకే ఒక్కసారి పిట్టమ్మకి చెప్పాడు. ఆదివారం మధ్యాహ్నం కూడా ఎందుకు నడుం వాల్చడో, ఎవరైనా పగటిపూట ఆవలిస్తే ఎందుకంత చిరాకుపడతాడో ఆమెకి ఆ క్షణంలో తెలిసివచ్చింది.

"ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు చివరికి. గొంతు ఆరేళ్ళ పిల్లాడిలా ఉంది.

"నేను చూసిందేమిటో నాకే తెలియదురా. నాకెవరు చెప్పారు? మొన్న దీనికి చదివి వినిపిస్తుంటే తెలిసింది."

"ఆ పుస్తకం ఏదీ?"

పిట్టమ్మ తెచ్చి ఇచ్చింది. నూనె మరకల పేజీ తీసి చూపించింది. అతను చదివాడు. జేబులోంచి పెన్ను తీసి, పేజీ అంచున నాలుగు చక్రాల బండి గీశాడు. ఎడమ చక్రం దగ్గర వెనక్కి ఒక పెద్ద బాణం, కుడి చక్రం దగ్గర చిన్న బాణం. రోజూ నల్లబల్ల మీద గీసే బాణాలే. అవి గీశాక బండి ఎటు తిరుగుతుందో చూపిస్తూ ఇంకొక వంకర బాణం గీశాడు. పెన్ను అక్కడే ఆగింది. భుజాలు కదలడం మొదలైంది. తల్లి లేచి అతని తల తన కడుపుకి ఆనించుకుంది. పిట్టమ్మ వాళ్ళిద్దర్నీ అలాగే వదిలి వెళ్ళి పొయ్యి వెలిగించింది. కాసేపటికి మాస్టారు వంటింట్లోకి వచ్చి, తరిగే పీట ముందు కూర్చుని, కత్తి అందుకున్నాడు. ఉల్లిపాయ ముక్కలు ఒకటి బొటనవేలంత, ఒకటి ఆవగింజంత వచ్చాయి. ఆమె వాటినే కూరలో వేసింది.

బస్సు నాలుగు రోజుల్లో బాగుపడి వచ్చింది. తేడా ఆరు శాతం. పిల్లలు ఆ తర్వాతి వారం ఆనకట్ట చూసి, పాటలు పాడుకుంటూ తిరిగి వచ్చారు. స్టాఫురూములో ఇప్పుడు మాస్టారే బ్రేకుల గురించి పాఠం చెబుతున్నాడట. వినేవాళ్ళకి విసుగు పుడుతోందని హెడ్మాస్టరు భార్య పిట్టమ్మతో చెప్పింది.

నెలాఖరున ఒక పొద్దున అత్తగారు మంచి చీర కట్టుకుని, కోడలి కంటే ముందు గుమ్మంలో నిలబడింది.

"నాకు ఆ పిట్టు చూపించవే. చదివి చదివి అది ఎలా ఉంటుందో చూడాలనుంది."

బయటివాళ్ళు గుంతలోకి దిగాలంటే అనుమతి చీటీ ఉండాలి. పెద్దసారు గంభీరంగా రాసి, సంతకం పెట్టి, "నా సంతకానికి ఇప్పుడు ఇదొక్కటే పని," అని నవ్వాడు. పిట్టమ్మ ఒక లారీని నిలబెట్టించి, ఇంజిను ఆపించి, చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు పెట్టించింది. అత్తగారి తల మీద హెల్మెట్ పెట్టి, ముడికి అడ్డం రాకుండా పట్టీ బిగించింది. చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టే దించింది. ఆవిడ కింద నిలబడి తలెత్తింది. ఇరుసులు, గొట్టాలు, కమాను కట్టలు, మసి. డీజిలు వాసన నిండా ఉంది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటుందేమో అని పిట్టమ్మ చూసింది. పెట్టుకోలేదు. గుండె నిండా పీల్చింది.

"ఆయన దీని మీద కూర్చుని అన్ని ఊళ్ళు తిరిగాడు. నేను ఇవాళ కింద నుంచి చూస్తున్నాను," అంది మెల్లగా. తర్వాత చెయ్యి చాపింది. "ఆ సుత్తి ఇలా ఇవ్వు."

మధ్యాహ్నం దాటింది. ఎనిమిది బండ్లయ్యాయి, ఇంకా మూడు వరసలో ఉన్నాయి. నడిచే ఇంజిన్లున్నప్పుడు అత్తగారు బుద్ధిగా పైకి వచ్చి హద్దు గీత బయట కుర్చీలో కూర్చుంటోంది, ఆపగానే హెల్మెట్ సర్దుకుని మళ్ళీ మెట్ల దగ్గరికి వస్తోంది. డ్రైవర్లు ఆవిడకి టీ తెచ్చి ఇస్తున్నారు. ఇంటికి ఆటో పిలవనా అని కోడలు రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ ఆవిడ వినిపించుకోలేదు.

సాయంత్రం మాస్టారి ఫోను వచ్చింది. బడి నుంచి వచ్చి తాళం తీసుకున్నాడట. "ఇల్లంతా చీకటిగా ఉంది. అమ్మ ఇంకా రాలేదేం? రాత్రి వంట సంగతి ఏమిటి?"

పిట్టమ్మ గుంతలోకి వంగి చూసింది. దీపం వెలుగులో హెల్మెట్ ఒకటి అటూ ఇటూ కదులుతోంది. టంగ్ మని ఒక నట్టు పలికింది. ఆవిడ చెవి ఒగ్గి విని, తల ఊపి, తర్వాతి నట్టు దగ్గరికి జరిగింది.

"ఈ పూట వంట మీరే చూసుకోవాలండీ," అంది పిట్టమ్మ. "అత్తయ్య రెండో ఇరుసు దగ్గరున్నారు."